క్రాఫ్ట్ బీరు: రుచి చూసే పద్ధతి, సిఫారసు మర్యాద, వాటి వెనుక అర్ధశతాబ్ది చరిత్ర

చిన్న బ్రూవరీలలో, పరిమిత మోతాదులో, రుచి వైవిధ్యానికి ప్రాధాన్యమిస్తూ తయారుచేసే బీరును క్రాఫ్ట్ బీరు అని వ్యవహరిస్తున్నారు. భారీ సంస్థల బీరుకు ప్రచారం ప్రధాన బలం కాగా, క్రాఫ్ట్ బీరు మొదటి నుంచీ నోటిమాట మీదనే ఆధారపడింది. ఒకరు రుచి చూసి మరొకరికి చెప్పడం, ఆ చెప్పేదానికి ఒక పద్ధతిని, ఒక పదజాలాన్ని ఏర్పరచుకోవడం ఈ రంగం ఎదుగుదలకు మూలమైంది. బ్రిటన్‌లో కనుమరుగవుతున్న ఒక పానీయ సంప్రదాయాన్ని ఆ మాట నిలబెట్టింది. అమెరికాలో వందకు లోపు మిగిలిన బ్రూవరీల సంఖ్య 9 వేలు దాటడంలోనూ దానికి పాత్ర ఉంది. అదే మాట అదుపు తప్పినప్పుడు బెల్జియంలోని ఒక క్రైస్తవ మఠం ప్రశాంతతకు భంగం కలిగింది.

గత రెండు దశాబ్దాలలో భారతీయ నగరాలలోనూ మైక్రో బ్రూవరీలు వెలిశాయి. ఈ నేపథ్యంలో అభిరుచిపరులు బీరును ఎలా పరీక్షిస్తారు, ఏ ప్రాతిపదికన సిఫారసు చేస్తారు, ఆ సిఫారసును ఎంతవరకు నమ్మవచ్చు అన్న అంశాల వివరణ ఇది.

ఏది క్రాఫ్ట్ బీరు

బీరుకు మూలద్రవ్యాలు నాలుగు. అవి నీరు, మాల్ట్ అని పిలిచే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, హాప్స్ అనే తీగ పువ్వులు, ఈస్ట్. మాల్ట్ తీపిని, రంగును ఇస్తుంది. హాప్స్ చేదును, పరిమళాన్ని ఇస్తాయి. ఈస్ట్ చక్కెరను మద్యసారంగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. సుమారు 15 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య పులిసే ఈస్ట్‌తో చేసిన బీరును ఏల్ అనీ, అంతకంటే చల్లగా, సాధారణంగా 7 నుంచి 13 డిగ్రీల మధ్య నెమ్మదిగా పులిసే ఈస్ట్‌తో చేసిన బీరును లాగర్ అనీ అంటారు. ఐపీఏ, స్టౌట్, గోధుమ బీరు, పిల్స్‌నర్ మొదలైనవన్నీ ఈ రెండు కుటుంబాలలోని శైలులే. అడవి ఈస్ట్‌తో సహజంగా పులిసే బెల్జియం లాంబిక్ వంటివి మాత్రం వేరే తెగకు చెందుతాయి.

అమెరికాలోని బ్రూవర్ల సంఘం నిర్వచనం ప్రకారం క్రాఫ్ట్ బ్రూవరీ ఏడాది ఉత్పత్తి 60 లక్షల బ్యారెళ్లకు మించరాదు. అందులో, క్రాఫ్ట్ బ్రూవరీ కాని మద్యం సంస్థల వాటా 25 శాతానికి లోపే ఉండాలి. ఒక్కో అమెరికన్ బ్యారెల్ సుమారు 117 లీటర్లకు సమానం. అందువల్ల ‘చిన్న’ అన్న మాట పరిమాణాన్ని కచ్చితంగా సూచించదు. యాజమాన్య స్వాతంత్ర్యమే ఈ నిర్వచనానికి కీలకం. భారతదేశంలో ఈ తరహా సంస్థలు ప్రధానంగా రాష్ట్ర ఎక్సైజ్ శాఖలు ఇచ్చే మైక్రో బ్రూవరీ లైసెన్సుల కింద నడుస్తున్నాయి.

బ్రిటన్: నలుగురు మిత్రులతో మొదలైన ఉద్యమం

1960ల్లో బ్రిటన్ మద్యం సంస్థలు విలీనాల ద్వారా కొద్దిపాటి పెద్ద సంస్థల చేతుల్లోకి వెళ్లాయి. పీపాలోనే రెండోసారి పులిసి, బయటి వాయువు అవసరం లేకుండా వడ్డించే సంప్రదాయ ఏల్ స్థానంలో, వడపోసి, వేడి చేసి, వాయువు నింపిన కెగ్ బీరు వ్యాపించింది. అది ఎక్కువ కాలం నిల్వ ఉంటుంది, రవాణాకు అనుకూలం. అయితే ప్రాంతానికో తీరుగా ఉండే రుచులు దాని రాకతో తగ్గిపోయాయి.

1971లో ఐర్లండ్ పశ్చిమ తీరంలోని కెర్రీ ప్రాంతానికి విహారానికి వెళ్లిన నలుగురు ఆంగ్ల మిత్రులు మైఖేల్ హార్డ్‌మన్, గ్రాహమ్ లీస్, బిల్ మెల్లర్, జిమ్ మేకిన్ దీనిపై ఒక సంఘాన్ని స్థాపించారు. ఏల్ పునరుజ్జీవన ఉద్యమంగా మొదలైన ఆ సంఘం పేరు 1973లో ‘నిజమైన ఏల్ కోసం ఉద్యమం’గా మారింది. క్లుప్తంగా దానిని క్యామ్రా అంటారు. ‘నిజమైన ఏల్’ అన్న పదబంధాన్ని ప్రచారంలోకి తెచ్చింది ఈ సంఘమే. ఎదుట ఉన్నదానికి స్పష్టమైన పేరు పెట్టడమే ఉద్యమానికి తొలి విజయమైంది.

క్యామ్రా 1974లో ‘గుడ్ బీర్ గైడ్’ పుస్తకాన్ని విడుదల చేసింది. వేతనం లేని సభ్యులు తమ ప్రాంతంలోని పబ్బులకు పదేపదే వెళ్లి, బీరు నాణ్యతను పరిశీలించి, స్థానిక శాఖలో చర్చించి పేర్లను ఎంపిక చేసే పద్ధతి దానికి పునాది. తొలి సంచికలో వాట్నీ అనే పెద్ద సంస్థ బీరు గురించి, మహమ్మారిలా దాన్ని తప్పించుకోవాలన్న అర్థంలో ఒక వాక్యం ఉండేది. ముద్రణ సమయంలో అభ్యంతరం రావడంతో దాన్ని కాస్త మెత్తబరిచారు. ఆ ఉదంతం పుస్తకానికి మరింత ప్రచారం తెచ్చింది. నచ్చినదాన్ని మెచ్చుకోవడంతో పాటు నచ్చనిదాన్ని నచ్చలేదని చెప్పగల స్వేచ్ఛ ఉండటం వల్లనే ఆ పుస్తకాన్ని పాఠకులు నమ్మారు.

అమెరికా: వంటింటి నుంచి పరిశ్రమ దాకా

మద్యనిషేధం ఎత్తివేసిన తరువాత కూడా అమెరికాలో ఇంట్లో బీరు తయారీకి చట్టసమ్మతి లభించలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ అవరోధం తొలగింది. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది వయోజనులున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు సొంత వాడకానికి అనుమతి లభించింది. అప్పటికి దేశం మొత్తంలో బ్రూవరీల సంఖ్య వందకు లోపే ఉంది. వాటిలో అత్యధికం ఒకే తీరు తేలికపాటి లాగర్‌ను తయారుచేసేవి.

దీనికి ముందే కొందరు దారి వేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మూతపడే దశకు చేరిన యాంకర్ బ్రూవరీని 1965లో ఫ్రిట్జ్ మేటాగ్ ఆదుకున్నారు. 1976లో కాలిఫోర్నియాలోని సొనోమాలో జాక్ మెకాలిఫ్ న్యూ ఆల్బియన్ బ్రూవరీని నెలకొల్పారు. అది ఆరేళ్లకే మూతపడినా అనేకమందికి ప్రేరణగా నిలిచింది. 1978లో ఏర్పడిన గృహ బ్రూవర్ల సంఘం వ్యవస్థాపకులలో ఒకరైన చార్లీ పపేజియన్ 1982లో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో తొలి గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్ నిర్వహించారు. ఇంట్లో తయారుచేసి, మిత్రులకు పోసి, వారి విమర్శ విని, మళ్లీ తయారుచేసిన వారిలో పలువురు తరువాతి కాలంలో బ్రూవరీ యజమానులయ్యారు.

ఈ రెండు దేశాల అభిరుచిపరులను కలిపిన వ్యక్తి ఆంగ్ల రచయిత మైఖేల్ జాక్సన్. గాయకుడితో ఈయనకు పేరు తప్ప సంబంధం లేదు. 1977లో వెలువడిన ఆయన ‘ది వరల్డ్ గైడ్ టు బీర్’ గ్రంథం వివిధ దేశాల బీర్లను శైలుల వారీగా వర్గీకరించింది. ఒక బీరును మరో బీరుతో పోల్చాలంటే రెండూ ఏ శైలికి చెందినవో ముందు తెలియాలి. నేటి పోటీలు, మార్కుల పద్ధతులు అన్నీ ఈ ఆలోచన మీదనే నిలిచాయి.

రుచి చూసే క్రమం

అభిరుచిపరుల సమావేశాలలో ఒక్కో బీరును సాధారణంగా 60 నుంచి 90 మిల్లీలీటర్ల మేర మాత్రమే పోస్తారు. తేలికైన వాటితో మొదలుపెట్టి, చేదు, తీపి, మద్యసారం ఎక్కువగా ఉన్న వాటిని చివరకు ఉంచుతారు. ఘాటైనదాన్ని ముందు తాగితే తరువాత వచ్చే సున్నితమైన బీరు నీళ్లలా తోచడమే ఇందుకు కారణం. మధ్యమధ్య మంచినీరు, ఉప్పూకారం లేని రొట్టె తీసుకుంటారు. గాఢమైన అత్తరు పూసుకుని రావడం, పక్కన పొగతాగడం మర్యాద కాదని భావిస్తారు.

గ్లాసు శుభ్రత మొదటి నియమం. నూనె లేదా సబ్బు జిడ్డు మిగిలితే నురగ నిలవదు. గ్లాసు లోపలి గోడలకు బుడగలు అంటుకుని కనిపిస్తే అది సరిగా కడగని గ్లాసని గుర్తు. ఉష్ణోగ్రత రెండో నియమం. తేలికపాటి లాగర్లకు 4 నుంచి 7 డిగ్రీలు, ఏల్‌లకు 8 నుంచి 13 డిగ్రీలు అనుకూలమని పరిగణిస్తారు. మంచులా చల్లబరిచిన బీరులో పరిమళం పైకి రాదు, దోషాలు కూడా బయటపడవు.

పోసిన వెంటనే వాసన చూస్తారు. తేలికగా ఎగిరిపోయే పరిమళాలు మొదటి నిమిషాలలోనే తగ్గిపోతాయి. ఆ తరువాత రంగు, తేటదనం, నురగ నిలిచే తీరు గమనిస్తారు. రంగును బట్టి బలాన్ని అంచనా వేయడం పొరపాటు. నల్లగా ఉండే గిన్నెస్ డ్రాట్‌లో మద్యసారం 4.2 శాతం మాత్రమే. లేత బంగారు రంగులో ఉండే బెల్జియం బీరు డువెల్‌లో అది 8.5 శాతం.

అనంతరం ఒక గుక్కను నోరంతా తగిలేలా తీసుకుని నెమ్మదిగా మింగుతారు. మింగేటప్పుడు గొంతు వెనుక నుంచి ముక్కులోకి చేరే వాసనే మనం రుచి అని భావించేదానిలో అధిక భాగం. అందుకే జలుబు చేసిన రోజు రుచి చూడటానికి కూర్చోరు. చివరగా నోటికి తగిలిన చిక్కదనం, వాయువు చురుకు, మింగిన తరువాత మిగిలే రుచి ఎంతసేపు నిలిచింది, అది హాయిగా ఉందా లేదా అన్నవి రాసుకుంటారు. పక్కవారి అభిప్రాయం వినకముందే రాసుకోవడం ముఖ్యం. బల్ల దగ్గర ఒకరు ‘అరటిపండు’ అనగానే అందరికీ అరటిపండే తోస్తుంది.

యాభై మార్కుల పత్రం

అమెరికాలో 1985లో మొదలైన బీరు న్యాయనిర్ణేతల ధ్రువీకరణ కార్యక్రమం బీజేసీపీ నేడు అనేక దేశాల పోటీలకు ప్రమాణంగా ఉంది. దాని పత్రంలో మొత్తం 50 మార్కులు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10 కేటాయించారు. 45కు పైబడినది అసాధారణం, 38 నుంచి 44 వరకు అత్యుత్తమం, 30 నుంచి 37 వరకు చాలా మంచిది, 21 నుంచి 29 వరకు మంచిది అన్న శ్రేణులున్నాయి. 13 లేదా అంతకు తక్కువ వస్తే బీరులో తీవ్రమైన లోపం ఉన్నట్టు.

ఈ విధానంలో రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, న్యాయనిర్ణేత బీరును తన ఇష్టంతో కాక, అది ఏ శైలిగా పోటీకి వచ్చిందో ఆ శైలి లక్షణాలతో పోల్చాలి. స్టౌట్ అంటే గిట్టని వ్యక్తి కూడా మంచి స్టౌట్‌కు మంచి మార్కులు ఇవ్వగలగాలి. రెండోది, మార్కుతో పాటు కారణం రాయాలి. బీరు మెరుగుపడటానికి తయారీదారుకు పనికొచ్చేది అంకె కంటే ఆ వాక్యాలే.

దోషాలను గుర్తుపట్టడం

డెన్మార్క్‌కు చెందిన శాస్త్రవేత్త మోర్టెన్ మైల్‌గార్డ్ 1970ల్లో బీరు రుచులను చక్రం ఆకారంలో క్రమబద్ధం చేశారు. దానివల్ల శాస్త్రవేత్తలకు, తయారీదారులకు, అభిరుచిపరులకు ఉమ్మడి భాష ఏర్పడింది. తరచుగా ఎదురయ్యే దోషాలు కొన్ని ఉన్నాయి.

వెన్న లేదా వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన వస్తే అది డైఅసిటైల్. ఈస్ట్ పని పూర్తికాకముందే బీరును చల్లబరచడం, గొట్టాలలో సూక్ష్మజీవులు చేరడం ఇందుకు కారణం కావచ్చు. ఉడికిన మొక్కజొన్న లేదా క్యాబేజీ వాసనకు డైమిథైల్ సల్ఫైడ్ కారణం. మాల్ట్ ద్రవాన్ని తగినంత సేపు తెరలించకపోతే అది మిగిలిపోతుంది. పచ్చి ఆపిల్ వాసన అసిటాల్డిహైడ్‌కు గుర్తు, బీరు ఇంకా పక్వం కాలేదని సూచన. తడిసిన అట్ట వాసన ప్రాణవాయువు సోకి పాతబడిన బీరుకు చిహ్నం. ఆకుపచ్చ లేదా పారదర్శక సీసాలోని బీరుకు వెలుతురు తగిలితే హాప్స్‌లోని పదార్థాలు మారి దుర్వాసన పుడుతుంది. గోధుమ రంగు సీసా, డబ్బా దీనిని నివారిస్తాయి.

అయితే ఒక శైలిలో దోషమైనది మరో శైలిలో గుణం కావచ్చు. జర్మనీ గోధుమ బీరుకు అరటిపండు, లవంగం వాసనలే అందం. అవే పిల్స్‌నర్‌లో వస్తే తప్పు. బెల్జియం లాంబిక్‌కు పులుపు ప్రాణం. లాగర్ పులిస్తే అది పాడైనట్టే. ఈ భేదం తెలియకుండా చేసిన నింద తయారీదారుకు అన్యాయం చేస్తుంది.

తెలుగు నాలుకకు తెలిసిన మాటలు

ఈ రంగంలోని పదజాలం దాదాపుగా ఆంగ్లంలో ఉంది. రుచి చూసే నేర్పుకు మాత్రం ఆంగ్లం అవసరం లేదు. ఉగాది పచ్చడిలో వేప పువ్వు చేదును, మామిడి పిందె వగరును వేర్వేరుగా గుర్తించడం తెలుగువారికి చిన్ననాటి అలవాటు. బీరు రుచిలో కొత్తవారు తరచూ తడబడేది సరిగ్గా ఈ భేదం దగ్గరే. హాప్స్ ఇచ్చే చేదు నాలుకకు తెలిసే రుచి. ధాన్యపు పొట్టు నుంచి ఎక్కువగా దిగిన టానిన్లు ఇచ్చే వగరు నోటిని పిడచకట్టించే స్పర్శ. మొదటిది కోరదగినది, రెండోది సాధారణంగా లోపం.

ఆంగ్ల పుస్తకాలలో గ్రేప్‌ఫ్రూట్ అని రాసిన చోట పంపరపనస అంటే తెలుగు పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది. ముదురుగా వేయించిన మాల్ట్‌కు కాఫీ గింజల వాసన, మరికాస్త వేగితే మాడు వాసన అన్నవి సహజమైన పోలికలు. మాల్ట్ తీపిలో బెల్లం పాకం తరహా ఉంటుంది. కొన్ని బెల్జియం ఏల్‌లలో మిరియాల ఘాటు తగులుతుంది. పాత సరుకు రుచిని వర్ణించడానికి ముక్కిపోయిన వాసన అన్న మాట ఉండనే ఉంది. సొంత వంటింటి జ్ఞాపకాలతో చెప్పిన వర్ణన అరువు తెచ్చుకున్న వర్ణన కంటే వినేవారికి స్పష్టంగా చేరుతుంది.

సిఫారసు మర్యాద

రుచి చూడటం ఒక నేర్పు, సిఫారసు చేయడం మరో నేర్పు. రెండో దానిలో కేంద్రం చెప్పేవారు కాదు, వినేవారు. అనుభవజ్ఞులు ముందు ఎదుటివారి అలవాటును తెలుసుకుంటారు. చక్కెర లేని కాఫీ ఇష్టపడేవారికి స్టౌట్, పుల్లని పానీయాలు ఇష్టపడేవారికి పులుపు శైలులు, కొత్తగా మొదలుపెట్టే వారికి గోధుమ బీరు సూచించడం పరిపాటి. తొలిరోజే తీవ్రమైన చేదున్న ఐపీఏ చేతికిచ్చి, నచ్చలేదన్నవారిని చులకన చేయడం వల్ల ఒక అభిరుచిపరుడు తగ్గడం తప్ప ప్రయోజనం ఉండదు.

నమ్మదగిన సిఫారసులో కొన్ని వివరాలు తప్పనిసరి. తాగింది పీపా నుంచా, సీసా నుంచా, డబ్బా నుంచా అన్నది చెప్పాలి. ప్యాకింగ్ తేదీ చెప్పాలి. హాప్స్ పరిమళం ప్రధానమైన ఐపీఏ వారాలు, నెలలు గడిచేకొద్దీ వన్నె తగ్గుతుంది. మద్యసారం ఎక్కువగా ఉన్న స్టౌట్, బార్లీవైన్ వంటి కొన్ని శైలులు మాత్రం సరైన నిల్వలో ఏళ్ల తరబడి పరిణతి చెందుతాయి. ఒక పబ్బులో రుచి చెడితే అది గొట్టాలు శుభ్రం చేయకపోవడం వల్ల కూడా కావచ్చు. అందువల్ల ఒక్కసారి తాగి తీర్పు చెప్పడం సరికాదని అనుభవజ్ఞులు భావిస్తారు.

‘ఇది మంచి బీరు’ అన్న మాటను ‘ఇది నాకు నచ్చింది’ అన్న మాట నుంచి వేరు చేయడం మరో నియమం. తన ఇష్టాన్ని తానే పరీక్షించుకోదలచినవారు పేరు కప్పిపెట్టి రుచి చూస్తారు. మూడు గ్లాసులలో రెండింట ఒకే బీరు, ఒకదానిలో వేరొకటి పోసి, వేరైనదాన్ని గుర్తించమనే త్రికోణ పరీక్ష బ్రూవరీల ప్రయోగశాలల్లోనూ వాడుకలో ఉంది. ఖరీదైన బీరును, పేరున్న బీరును గుర్తించలేకపోయిన అనుభవం చాలామందికి వినయం నేర్పుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, బీరు ఉచితంగా వచ్చిందా, తయారీదారుతో సంబంధం ఉందా అన్నది దాచకపోవడం.

కీర్తి తెచ్చిన చిక్కులు

బెల్జియంలోని వెస్ట్‌వ్లెటెరన్ గ్రామంలో సెయింట్ సిక్స్‌టస్ మఠం ఉంది. అక్కడి సన్యాసులు మఠం నిర్వహణకు కావలసినంత మేరకే బీరు తయారుచేస్తారు. 2005లో అభిరుచిపరుల మార్కుల జాబితాలో వారి ‘వెస్ట్‌వ్లెటెరన్ 12’ ప్రపంచంలోనే ఉత్తమ బీరుగా నిలిచింది. వార్త వ్యాపించగానే మఠం ముందు వాహనాల బారులు ఏర్పడ్డాయి, నిల్వలు అడుగంటాయి. సన్యాసులు మాత్రం ఉత్పత్తి పెంచలేదు. ఒక్కొక్కరికి ఇచ్చే సీసాల సంఖ్యను పరిమితం చేసి, ముందస్తు నమోదు విధానం తెచ్చారు. కొన్నవారు తిరిగి అమ్మరాదని షరతు పెట్టారు. అయినా నల్లబజారు ఆగలేదు. ప్రేమతో చేసిన సిఫారసు కూడా చిన్న తయారీదారుకు భారం కాగలదని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

రెండో చిక్కు స్వాతంత్ర్యానికి సంబంధించినది. అప్పట్లో లక్షలాది మంది మార్కులు ఇస్తూ వచ్చిన రేట్‌బీర్ సంస్థలో ప్రపంచంలోని అతిపెద్ద బీరు సంస్థ ఏబీ ఇన్‌బెవ్‌కు చెందిన అనుబంధ విభాగం వాటా కొన్నట్టు 2017లో వెల్లడైంది. మార్కులు వేసే వేదిక, మార్కులు పొందే సంస్థ ఒకే గొడుగు కిందకు రావడంపై విమర్శలు వచ్చాయి. అమెరికాలోని డాగ్‌ఫిష్ హెడ్ బ్రూవరీ తమ బీర్ల సమీక్షలను తొలగించమని బహిరంగంగా కోరింది.

మూడో చిక్కు అంకెలది. సగటు మార్కుల జాబితాలలో మద్యసారం ఎక్కువగా ఉన్న బీర్లు, దుర్లభమైన బీర్లు పైన నిలుస్తాయి. తప్పు దాచుకునే చోటు లేని తేలికపాటి పిల్స్‌నర్‌ను చక్కగా తయారుచేయడం కష్టమని బ్రూవర్లు అంగీకరిస్తారు. అయినా ఆ బీరు జాబితాలలో అడుగునే కనిపిస్తుంది. అంకెను మాత్రమే చూసి ఎంచుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

భారతదేశంలో

నేటి క్రాఫ్ట్ బీరుకు పతాక శైలిగా మారిన ఇండియా పేల్ ఏల్, అంటే ఐపీఏ, పేరులోనే భారతదేశం ఉంది. 18వ శతాబ్ది చివర లండన్‌లోని హాడ్జ్‌సన్ బ్రూవరీ, 1820ల నుంచి బర్టన్ పట్టణానికి చెందిన ఆల్‌సాప్, బాస్ సంస్థలు భారతదేశంలోని ఆంగ్లేయుల కోసం హాప్స్ ఎక్కువగా వేసిన ఏల్‌ను ఓడలలో పంపాయి. ఈ ప్రయాణం కోసమే హాడ్జ్‌సన్ ఈ శైలిని కనిపెట్టారన్న కథ ప్రచారంలో ఉన్నా, హాప్స్ దండిగా వేసిన నిల్వ బీర్లు అంతకు ముందే ఇంగ్లండ్‌లో ఉన్నాయని చరిత్రకారులు తేల్చారు. 19వ శతాబ్ది మధ్యలో హిమాలయ సానువుల్లోని కసౌలీలో ఎడ్వర్డ్ డయ్యర్ బ్రూవరీ నెలకొల్పడంతో దేశీయ తయారీ స్థిరపడింది.

ప్రస్తుత తరం మైక్రో బ్రూవరీలు 2008 ప్రాంతంలో గురుగ్రామ్‌లో మొదలై, పుణె, బెంగళూరు నగరాలలో విస్తరించాయి. పుణెలో 2009లో డూలాలీ, బెంగళూరులో 2010లో టాయిట్ ఆరంభమయ్యాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రో బ్రూవరీ నిబంధనలు తీసుకురావడంతో హైదరాబాదుకూ ఈ సంస్థలు వచ్చాయి. మామిడి, కోకం, చిరుధాన్యాలు వంటి దేశీయ ద్రవ్యాలతో ప్రయోగాలు సాగుతున్నాయి.

ఈ బీరు ప్రధానంగా తయారైన చోటే అమ్ముడవుతుంది, నెలనెలా రకాలు మారుతుంటాయి. మద్యానికి టెలివిజన్‌లో ప్రత్యక్ష ప్రకటనలు నిషిద్ధం. అందువల్ల ఇక్కడ కూడా మార్గదర్శి నోటిమాటే. ఆ మాటకు డబ్బు ముట్టినప్పుడు ఆ సంగతి చెప్పాలన్న నియమం సామాజిక మాధ్యమాలకూ వర్తిస్తుంది. సొమ్ము లేదా ఇతర లబ్ధి పొంది చేసే ప్రచారాన్ని స్పష్టంగా వెల్లడించాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు జారీ చేసింది.

చట్టం, ఆరోగ్యం

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం మద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం. మద్యనిషేధానికి కృషి చేయాలని 47వ అధికరణం నిర్దేశిస్తుంది. గుజరాత్, బిహార్‌లలో మద్యనిషేధం అమలులో ఉంది. తాగడానికి కనీస వయసు తెలుగు రాష్ట్రాలలో 21 ఏళ్లు, ఢిల్లీలో 25 ఏళ్లు, గోవాలో 18 ఏళ్లు. అమెరికాలో మాదిరిగా ఇంట్లో బీరు తయారుచేయడం ఇక్కడ సాధారణంగా చట్టసమ్మతం కాదు. లైసెన్సు లేని తయారీ రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల కింద నేరం. నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం 1990ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధానికి దారితీసిన చరిత్ర తెలుగు పాఠకులకు తెలిసినదే. అభిరుచి పేరుతో ఆ అనుభవాన్ని విస్మరించడం తగదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మద్యానికి సురక్షిత పరిమితి అంటూ లేదని స్పష్టం చేసింది. మద్యపానాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు. చేతితయారీ అయినంత మాత్రాన ప్రమాదం తగ్గదు. 330 మిల్లీలీటర్ల 5 శాతం బీరులో సుమారు 13 గ్రాముల మద్యసారం ఉంటుంది. 10 శాతం బీరైతే అది రెట్టింపవుతుంది. 60 మిల్లీలీటర్ల చొప్పున ఆరు రకాలు రుచి చూస్తే చిన్న సీసాడు కంటే ఎక్కువే తాగినట్టు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యసారం దాటితే వాహనం నడపడం మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. గర్భిణులు, కాలేయ వ్యాధిగ్రస్తులు, మందులు వాడేవారు, వ్యసనం నుంచి బయటపడినవారు దూరంగా ఉండాలి. అలాంటివారిని బలవంతపెట్టకపోవడం రుచి చూసే బృందాలలో మొదటి మర్యాద.

1971లో నలుగురితో మొదలైన క్యామ్రా తరువాతి కాలంలో లక్షకు పైగా సభ్యులున్న సంఘంగా ఎదిగింది. అయినా గ్లాసు కడిగి, తేదీ చూసి, తక్కువ పోసుకుని, తనకు తోచింది దాచకుండా రాసుకోవడమన్న పద్ధతి మారలేదు. కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చేవారు మార్కు ఎంత వచ్చిందని అడగడానికి ముందు, ఆ మార్కు వేసినవారు ఎవరు, ఏమని రాశారు అన్నది చూడటం మేలు.